కలిసి బతికే గినీ పిగ్‌లలో పెద్దరికం ఎవరిది?



జువాలజీ అనగానే మనకు గుర్తొచ్చేవి కప్ప బొమ్మ, బొద్దింక నోటి భాగాలు, ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసాల్లో తేలే పాములు. బతికున్న జంతువు ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది అన్నది మన పుస్తకాల్లో కొద్ది పేజీలకు మించి ఉండదు. ఆ కొద్ది పేజీలను కూడా పరీక్షకు ముందు రాత్రి చదివి, పరీక్ష అయ్యాక వదిలేస్తాం. ఈ శాఖ పేరు జంతు ప్రవర్తనా శాస్త్రం. మన వసతిగృహ వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని తమ్ముళ్లు అడిగినప్పుడు, ఈ శాఖ నుంచే ఒక పాఠం చెప్పాలనిపించింది. పాఠానికి నేను ఎంచుకున్న జంతువు గినీ పిగ్.

ఈ మాట మీరు పేపర్లో చూసే ఉంటారు. కొత్త సిలబస్ వచ్చినా, కొత్త పరీక్షా విధానం పెట్టినా "విద్యార్థులను గినీ పిగ్‌లను చేస్తున్నారు" అని నాయకులు ప్రకటన ఇస్తారు. సూది గుచ్చించుకోవడానికే పుట్టిన జంతువన్నట్టు ఆ మాట స్థిరపడిపోయింది. మరి సూది లేనప్పుడు అది ఏం చేస్తుంది? నాలుగింటిని ఒక చోట ఉంచితే ఎవరు ముందు తింటారు, ఎవరు పక్కకు తప్పుకుంటారు, కొత్తది వస్తే ఏమవుతుంది? ఒకే హాల్లో నలభై ట్రంకు పెట్టెల మధ్య పెరిగిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఫ్యాను కింద ఎవరు పడుకోవాలో, కుళాయి దగ్గర ఎవరు ముందో హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే, ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది.

ముందు జంతువు పరిచయం

శాస్త్రీయ నామం కేవియా పోర్సెల్లస్. రొడెన్షియా క్రమానికి చెందిన క్షీరదం, అంటే ఎలుకకూ ఉడుతకూ దూరపు చుట్టం. తోక బయటికి కనబడదు. పెరిగినది 700 గ్రాముల నుంచి 1200 గ్రాముల వరకు తూగుతుంది. బాగా చూసుకుంటే 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది. పేరులో గినీ ఉన్నా ఆఫ్రికాలోని గినీ దీని పుట్టిల్లు కాదు. పేరులో పంది ఉన్నా ఇది పంది కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అక్కడి ప్రజలు కొన్ని వేల ఏళ్ల కిందటే అడవి కేవీలను మచ్చిక చేసుకుని, మనం పెరట్లో కోళ్లను పెంచినట్టు ఇంట్లో పెంచడం మొదలుపెట్టారు. మాంసం కోసమే. పెరూలో ఇప్పటికీ పండగ భోజనంలో ఇది ఉంటుంది. అక్కడ దీన్ని "కుయ్" అంటారు. 16వ శతాబ్దంలో ఓడలెక్కి యూరప్ చేరి, అక్కడ తినేది కాస్తా ముద్దు చేసేదయింది.

ఓడరేవు ఊళ్లో ఉన్నవాళ్లం కాబట్టి ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. పూర్వం నెలల తరబడి సముద్రం మీద తిరిగే నావికుల చిగుళ్లు వాచి, నెత్తురు కారి, ప్రాణాలు పోయేవి. దాని పేరు స్కర్వీ. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు గినీ పిగ్‌లకు ఒట్టి ధాన్యమే పెట్టి చూస్తే వాటికీ అదే జబ్బు వచ్చింది. విటమిన్ సి ని మనలాగే గినీ పిగ్ కూడా ఒంట్లో తయారు చేసుకోలేదు. ఎలుకలు చేసుకోగలవు. అందుకే ఈ జబ్బు సంగతి ఎలుకల్లో కాకుండా గినీ పిగ్‌లలో బయటపడింది.

మన విశాఖలో వీటిని అక్వేరియం చేపలు, లవ్ బర్డ్స్ అమ్మే దుకాణాల్లో, కుందేళ్ల పక్క బోనులో చూడొచ్చు. 2018లో కేంద్రం తెచ్చిన పెట్ షాప్ నిబంధనల్లో పెంపుడు జంతువు అంటే ఏమిటో చెప్పినచోట కుక్క, పిల్లి, కుందేలుతో పాటు గినీ పిగ్ పేరు కూడా ఉంది. ఉక్కునగరం క్వార్టర్స్‌లో, ఎంవీపీ కాలనీ వైపు అపార్ట్‌మెంట్లలో పిల్లలు ముచ్చటపడితే కొనిపెట్టే తల్లిదండ్రులున్నారు. చాలామంది ఒక్కదాన్నే కొంటారు. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఇది ఒంటరి జంతువు కాదు. దీని అడవి చుట్టాలు ఒక మగది, ఒకటి రెండు ఆడవి, వాటి పిల్లలు కలిసి గడ్డి మైదానాల్లో బతుకుతాయి. మచ్చికైన గినీ పిగ్ అడవిదానికంటే తక్కువ పోట్లాడుతుంది, ఎక్కువ కలివిడిగా ఉంటుంది. ఒంటరిగా ఉంచడం దానికి శిక్ష అని గుర్తించి స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లో జోడు లేకుండా పెంచకూడదని రాసుకున్నారు.

పెద్దరికం అంటే ఏమిటి?

ఈ విషయం మీద శాస్త్రీయ అధ్యయనం కోళ్లతో మొదలైంది. నార్వేకు చెందిన షెల్డెరుప్-ఎబ్బె చిన్నప్పటి నుంచి ఇంటి కోళ్లను చూస్తూ, ఏ పెట్ట ఏ పెట్టను పొడుస్తుందో రాసుకునేవాడు. 1922లో దాన్ని ప్రచురించాడు. మొదటి పెట్ట అన్నింటినీ పొడుస్తుంది, రెండోది మొదటిదాన్ని తప్ప మిగతావాటిని పొడుస్తుంది, ఆఖరిది ఎవర్నీ పొడవదు. దీన్నే పొడుపు క్రమం అన్నారు. మన అమ్మమ్మలకు ఇది తెలియని సంగతేమీ కాదు. గింజలు చల్లినప్పుడు ఏ పెట్టను అదిలించాలో వాళ్లకు తెలుసు. అయితే వాళ్లు రాసిపెట్టలేదు, ఆయన రాసిపెట్టాడు. తేడా అంతే.

ఇక్కడ మనవాళ్లు పరీక్షలో తరచుగా పొరపడే చోటు ఒకటుంది. ఆధిపత్యం అనేది బరువులాగా, రంగులాగా ఒక జంతువుకు ఉండే గుణం కాదు. అది రెండు జంతువుల మధ్య ఉండే సంబంధం. "ఇది ఆధిపత్యం గల గినీ పిగ్" అని రాస్తే సగం మార్కులే. "దీనికి అది దారి ఇస్తుంది" అని రాయాలి. ఇంకొకదాని ముందు ఇదే దారి ఇవ్వవచ్చు. రెండోది, ఈ క్రమం ఏర్పడేది పోట్లాట కోసం కాదు, పోట్లాట తగ్గడానికి. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో తెలిశాక గడ్డి ముందు ప్రతిసారీ కొట్టుకోవలసిన పని ఉండదు.

గినీ పిగ్‌లు ఈ సంగతి ఎలా తేల్చుకుంటాయి? ముఖ్యంగా గొంతుతో, పళ్లతో, ఒంటి తీరుతో. పెద్దరికం చూపదలచినది వెనక భాగాన్ని అటూ ఇటూ ఊపుతూ, గొంతులోంచి మోటారు తిరిగినట్టు సన్నటి గుర్రు తీస్తూ, రెండోదాని చుట్టూ మెల్లగా నడుస్తుంది. మగది ఆడదాని దగ్గర కూడా ఇదే నడక నడుస్తుంది కాబట్టి సందర్భం చూసి అర్థం చేసుకోవాలి. రెండు ఎదురుపడితే మూతులు పైకెత్తి, ఎవరి గడ్డం పైకి ఉందో చూసుకుంటాయి. ఒకటి దించేస్తే వ్యవహారం అక్కడితో సరి. దించకపోతే మెడ మీద వెంట్రుకలు లేస్తాయి, పళ్లు టకటకలాడతాయి. ఆ టకటక చలికి కాదు, "ఇంకొక్క అడుగు వేశావంటే చూడు" అని. అప్పటికీ ఎవరూ తగ్గకపోతేనే దూకడం, కరవడం. లొంగినది కీచుమని అరిచి పక్కకు పోతుంది. ఆడదానికి మగదాని నస నచ్చకపోతే వెనక్కి మూత్రం చిమ్ముతుంది. చూడటానికి నవ్వొస్తుంది కానీ చాలా స్పష్టమైన జవాబు. ఇవి కాక వెనక భాగాన్ని నేలకు రాసి వాసన గుర్తు పెట్టడం, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కడం కూడా ఉన్నాయి. ఆడది ఆడదాని మీద ఎక్కితే ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. అది కూడా పెద్దరికం చూపే పద్ధతే. ఆడవాటికి సుమారు 16 రోజులకొకసారి ఎద వస్తుంది, ఆ ఒకటి రెండు రోజులు నెమ్మదైనది కూడా పక్కదాని మీదికి పోతుంది.

ఒక ఇంట్లో ఐదారు నెలలు

ఉక్కునగరంలో ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. వాళ్ల వెనక వరండాలో మూడు గినీ పిగ్‌లు ఉండేవి. పాఠం అయ్యాక పావుగంట బోను ముందు కూర్చుని చూసింది చూసినట్టు నోట్సులో రాసుకోవడం అలవాటైంది. మా నాన్న పోర్టులో కళాసీ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఎలుకలాంటి జంతువు ఎవరికి దారి ఇచ్చిందో కాగితం మీద గీతలు గీస్తున్నానంటే, "దీనికి జీతమిత్తారేట్రా?" అని అడిగాడు. ఇంకా జవాబు చెప్పలేదు.

పిల్లలు పెట్టిన పేర్లు బిస్కెట్, చుక్క, మల్లి. మూడూ ఆడవేనని చెప్పి అమ్మారట. మల్లి మగదని కొన్ని వారాల తర్వాత తెలిసింది, కానీ పేరు అలాగే ఉండిపోయింది. వెంటనే మల్లిని పక్క బోనులోకి మార్చి మధ్యలో వల కట్టారు. అయినా అప్పటికే చుక్క కడుపుతో ఉంది. గినీ పిగ్‌లకు గర్భకాలం సుమారు 68 రోజులు. ఎలుక పిల్లల్లా కాకుండా ఈ పిల్లలు కళ్లు తెరిచి, ఒళ్లంతా వెంట్రుకలతో, పళ్లతో పుడతాయి. పుట్టిన మర్నాడే గడ్డి కొరుకుతాయి. చుక్కకు మూడు పుట్టాయి. రెండు ఆడవి, ఒక మగది. మగదానికి బుడ్డోడని పేరు పెట్టారు. మూడు వారాలకు బుడ్డోణ్ణి తల్లి దగ్గర్నుంచి తీసి మల్లి బోనులో వేశారు. అలా చేయకపోతే మగపిల్ల తల్లినీ చెల్లెళ్లనూ కూడా కడుపు చేసేస్తుంది. ఆడవి నెల వయసుకే ఎదకు రావచ్చు.

ఆడవాటి బోనులో బిస్కెట్‌దే పెద్దరికం. వయసులోనూ బరువులోనూ అదే పెద్దది. గిన్నె ఒకటే ఉన్నన్నాళ్లు అది తిని పక్కకు జరిగాకే చుక్క మూతి పెట్టేది. మధ్యలో వస్తే బిస్కెట్ తల విసిరేది, చుక్క కీచుమనేది. పిల్లలు పుట్టాక ఆ తొక్కిసలాట చూసి, ఆ ఇంటి అమ్మగారు ఇంకో గిన్నె తెచ్చి బోను రెండో చివర పెట్టారు. ఆ సాయంత్రం నుంచి కీచులాట సగానికి సగం తగ్గింది. బిస్కెట్ మెత్తబడిందని కాదు. ఒక్కతే రెండు గిన్నెల దగ్గర కూర్చోలేదు కదా! చెక్క పెట్టె విషయంలోనూ ఇదే జరిగింది. దానికి ఒకటే ద్వారం. బిస్కెట్ ఆ ద్వారంలోనే పడుకునేది, లోపలున్నది బయటికి రాలేక, బయటున్నది లోపలికి పోలేక ఉండిపోయేవి. వెనక వైపు ఇంకో ద్వారం కోశాక ఆ గొడవ లేదు. మన మెస్‌లో రెండో వడ్డింపు బల్ల వేసిన ఏడాది నాకు గుర్తొచ్చింది. లైనులో తోపులాటకు కారణం కుర్రాళ్ల బుద్ధి అని అంతకుముందు దాకా అందరూ అనేవారు.

మగవాటి బోనులో కథ వేరు. మూడో నెలకు బుడ్డోడికి కూడా గుర్రు నడక వచ్చేసింది. నడక మొదలుపెట్టగానే మల్లి పళ్లు టకటకలాడించేది, రెండడుగులు తరిమేది. బుడ్డోడు గడ్డం దించి పక్కకు పోతే మల్లి కూడా ఆగిపోయేది. ఇలా రోజూ. కొరుకుడు ఒక్కసారి కూడా చూడలేదు. అడ్డం నడిస్తే ఏమవుతుందో, ఎక్కడ ఆగాలో, ఎలా తగ్గాలో రోజుకింత చొప్పున బుడ్డోడు నేర్చుకున్నాడు.

ఇంతలో బదిలీ మీద వెళ్లిపోతున్న పక్కింటివాళ్లు తమ మగ గినీ పిగ్‌ను వీళ్లకు ఇచ్చి వెళ్లారు. ఏడాది దాటిన జంతువు. పిల్లగా ఉన్నప్పటి నుంచి బాల్కనీలో ఒక్కటే పెరిగింది. తన జాతి ముఖం చూడలేదు. దాన్నీ మల్లినీ వరండా నేల మీద వదిలారు. మల్లి మామూలుగానే పళ్లు టకటకలాడించింది. కొత్తది ఆ శబ్దాన్ని అసలు లెక్కచేయలేదు. ఆగలేదు, గడ్డం ఎత్తలేదు, దించలేదు, నేరుగా మీద పడింది. రెండూ ఉండగా చుట్టుకుని దొర్లాయి. ఆ ఇంటాయన తువ్వాలు వేసి విడదీసేసరికి మల్లి చెవి తెగింది. రెండూ మగవే, ఇంచుమించు ఒకే బరువు, ఒకే తిండి. మరి ఒకటి తగ్గడం తెలిసినది, ఇంకొకటి తెలియనిది ఎందుకయ్యాయి?

జర్మనీలో తేల్చిన సంగతి

ఒక ఇంట్లో ఒక పోట్లాట చూసి సిద్ధాంతం చెప్పకూడదు. అయితే ఇదే ప్రశ్న మీద జర్మనీలో నార్బర్ట్ సాక్సర్, ఆయన సహచరులు 1980ల నుంచి దశాబ్దాల పాటు పనిచేశారు. వాళ్లు గినీ పిగ్‌లను చిన్న బోనుల్లో కాకుండా ఆడ, మగ, పెద్ద, చిన్న కలిసిన గుంపులుగా పెంచి చూశారు.

గుంపు చిన్నదిగా ఉన్నంతకాలం మగవాటి మధ్య మెట్ల వరుస లాంటి క్రమం ఉంటుంది. పై మెట్టు మీదిది ఆడవాటన్నింటినీ తనవే అనుకుంటుంది. గుంపు పదీ పదిహేనూ దాటాక కట్టు మారిపోతుంది. ఒకే పెద్ద ఉండడు. గుంపు చిన్న చిన్న జట్లుగా విడిపోయి, ఒక్కో జట్టు ఒక్కో మూల స్థిరపడుతుంది. ఒక జట్టు పెద్ద ఇంకో జట్టు ఆడవాటి జోలికి పోదు. అంటే జనం పెరిగితే కొట్లాట పెరగాలన్న లెక్క ఇక్కడ తప్పింది. ఎవరి చోటు వాళ్లకు ఏర్పడేసరికి పెద్ద గుంపు కూడా శాంతంగానే ఉంది.

వాళ్లు జంతువుల రక్తంలో కార్టిసాల్ అనే హార్మోనును కూడా కొలిచారు. ఒత్తిడి పెరిగితే ఇది పెరుగుతుంది. అడుగున ఉన్నవాటికి ఎక్కువ ఉంటుందని మనం ఊహిస్తాం. స్థిరపడిన గుంపుల్లో అలా లేదు. పైదానికీ కిందిదానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తన చోటు ఏదో తెలిసి, తప్పుకునే దారి ఉంటే కింద ఉన్నంత మాత్రాన జంతువు కుంగిపోదు.

అసలు ప్రయోగం ఇంకొకటి. కొన్ని మగవాటిని గుంపులో పెంచారు. మరి కొన్నింటిని వేరే మగవి లేకుండా విడిగానో, ఒక్క ఆడదానితోనో పెంచారు. పెద్దయ్యాక రెండు రకాల వాటినీ పరాయి గుంపుల్లో వదిలారు. గుంపులో పెరిగినవి మొదట్లో ఒదిగి ఉన్నాయి. కొత్త చోటును చూసుకున్నాయి, అక్కడి ఆడవాటి జోలికి పోలేదు, పెద్దల దారికి అడ్డం రాలేదు. మెల్లగా గుంపులో కలిసిపోయాయి. కార్టిసాల్ పెద్దగా పెరగలేదు, బరువు తగ్గలేదు. విడిగా పెరిగినవి వెళ్లీ వెళ్లగానే ఆడవాటి వెంట పడ్డాయి, అక్కడి మగవాటితో కొట్లాటల్లో ఇరుక్కున్నాయి. కార్టిసాల్ బాగా పెరిగింది, బరువు పడిపోయింది. విడిగా పెరిగిన రెండు మగవి ఎదురుపడ్డ ప్రయోగాల్లో ఓడినవి పెద్ద గాయం లేకుండానే, ఒత్తిడితోనే చనిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

తేడా నెత్తురులో లేదు, పెంపకంలో ఉంది. అందులోనూ యవ్వనం మొదలయ్యే నెలలు కీలకం. తనకంటే పెద్ద మగదాని ఎదుట తగ్గడం ఆ వయసులో నేర్చుకున్నదే తర్వాత పరాయి చోట బతకగలుగుతుంది. బుడ్డోడికి మల్లి చెప్పిన పాఠం అదే. బాల్కనీలో పెరిగినదానికి ఆ పాఠం చెప్పేవాళ్లే లేరు. మన గోదావరి జిల్లాల్లో పందెం కోళ్లను పెంచేవాళ్లు పుంజులను విడివిడిగా కట్టి మేపుతారు. కొట్లాట కావలసినవాడికి ఏం చేయాలో ఎప్పుడో తెలుసు!

మనుషుల మాట

"ప్రకృతిలోనే ఎక్కువ తక్కువలున్నాయి, మనుషుల్లో ఉంటే తప్పేముంది?" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. బాగా చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. జంతువుల పేరు చెప్పి వాదించేవాళ్లు ఆ జంతువులను కాస్త దగ్గర కూర్చుని చూస్తే బాగుండేది. గినీ పిగ్‌లలో పెద్దరికం వంశపారంపర్యం కాదు. గుంపులో పైదానికి పుట్టిన పిల్ల కూడా అడుగు నుంచే మొదలుపెడుతుంది. వయసు వస్తే, బరువు పెరిగితే, గుంపు మారితే స్థానం మారుతుంది. చుక్క బిస్కెట్ తర్వాత నీళ్లు తాగుతుంది, కానీ అదే సీసాలో తాగుతుంది. చుక్క మూతి పెట్టిందని బిస్కెట్ ఏనాడూ ఆ సీసా మానేయలేదు. మనుషుల చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ మహాడ్‌లో వేలమందితో నడవాల్సి వచ్చింది. ఆ నియమాన్ని ఏ జంతువు దగ్గరా నేర్చుకోలేదు, మనుషులే రాసుకున్నారు.

ర్యాగింగ్‌ను సమర్థించేవాళ్లు కూడా ఇదే బాట పడతారు. కొత్తవాణ్ణి లొంగదీయడం సహజమట, లొంగితే కలిసిపోతాడట. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది కాబట్టి చట్టం సంగతి అందరికీ తెలుసు. జంతుశాస్త్రం సంగతి నేను చెబుతాను. మల్లి బుడ్డోణ్ణి తరిమేది, కానీ బుడ్డోడు గడ్డం దించగానే ఆగేది. లొంగుబాటు సంకేతం పనిచేయడమే ఆ క్రమానికి ప్రాణం. తలవంచినవాణ్ణి ఇంకా వంచుతూ పోవడం, గది తలుపు వేసి తప్పుకునే చోటు లేకుండా చేయడం గినీ పిగ్‌ల ఆధిపత్య క్రమం కిందికి రావు. అలాంటిది వాటిలో కనబడేది ఒకే చోట, ఇరుకు బోనులో. అక్కడ ఓడినది పారిపోలేదు, గెలిచినదానికి ఎదుటిది తప్పుకున్నట్టు కనబడదు. దాంతో కొరుకుడు ఆగదు.

పెంచుకునేవాళ్లకు

ఎవరింట్లోనైనా వీటిని పెంచుతుంటే ఈ పేజీ చూపించండి. రెండింటికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చోటు ఉండాలి. గిన్నెలు, నీటి సీసాలు, దాక్కునే పెట్టెలు ఎన్ని జంతువులుంటే అన్ని. పెట్టెకు రెండు ద్వారాలు. రెండు ఆడవి, లేదా ఒక పెద్ద మగది ఒక చిన్న మగది బాగా కుదురుతాయి. ఆడవి కనబడే చోట రెండు మగవాటిని కలిపి ఉంచకూడదు. కొత్తదాన్ని తెచ్చాక కొన్నాళ్లు వల అవతల ఉంచి, తర్వాత రెండింటికీ కొత్తదైన చోట, మధ్యలో గడ్డి కుప్ప వేసి కలపాలి. గుర్రు, తరుముడు, టకటక ఉంటాయి. వాటికే భయపడి విడదీస్తే క్రమం ఎప్పటికీ తేలదు. నెత్తురు కనబడితే మాత్రం వెంటనే విడదీయాలి, వట్టి చేతులు పెట్టకూడదు. తిండిలో ముఖ్యం ఎండుగడ్డి, పచ్చగరిక. విటమిన్ సి కోసం చిన్న జామకాయ ముక్క, కొత్తిమీర. ఇది చల్లటి కొండల జంతువు, మన ఏప్రిల్, మే నెలల ఉక్కకు తట్టుకోలేదు. ఎండ తగిలే బాల్కనీలో ఉంచితే వడదెబ్బతో ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

మన దగ్గర గినీ పిగ్‌లు లేవు కదా అనకండి. సెలవులకు ఇంటికి వెళ్తే కోళ్లున్నాయి, మేకలున్నాయి, వీధి చివర కుక్కలున్నాయి. నాలుగింటిని ఎంచుకుని, గుర్తుపట్టేలా పేర్లు పెట్టండి. ఒక కాగితం మీద నాలుగు అడ్డగళ్లు, నాలుగు నిలువు గళ్లు గీసి, అడ్డం వరుసకూ నిలువు వరుసకూ అవే పేర్లు రాయండి. రోజూ ఒకే వేళకు, తిండి పెట్టినప్పుడు, పావుగంట కూర్చోండి. ఎవరు ఎవరికి దారి ఇచ్చారో చూసి, ఇచ్చినదాని వరుసలో, పొందినదాని గడిలో ఒక గీత పెట్టండి. కొట్లాటలు లెక్కపెట్టకండి, దారి ఇవ్వడాలే లెక్కపెట్టండి. కొట్లాట అరుదు, దారి ఇవ్వడం రోజూ జరుగుతుంది. రెండు వారాలకు ఏ గడి నిండిందో, ఏది ఖాళీగా ఉందో చూస్తే ఆ గుంపు కట్టు మీకే కనబడుతుంది. తర్వాత గింజలు ఒకే చోట కాకుండా రెండు చోట్ల చల్లి ఇంకో వారం రాయండి, గీతలు ఎలా మారాయో పోల్చండి. ఈ పని ఇంటర్ పిల్లలకు ప్రాజెక్టుగా కూడా పనికొస్తుంది. నెలలో రెండో ఆదివారం సాయంత్రం నేను హాస్టల్‌కు వస్తుంటాను. కాగితాలు తెస్తే కలిసి కూర్చుని చూద్దాం.